మెరక మడికి నీళ్ళు అందకపోతే... నా ముక్కు ఆపరేషన్ సంగతి

ఈసారి పోస్టు మిరప గురించి కాదు, నా ముక్కు గురించి. ముందు నవ్వుకోండి, తర్వాత చదవండి.

ముక్కులో రెండు వైపులా కండ పెరిగి రెండేళ్ళు నోటితోనే ఊపిరి పీల్చాను. గుంటూరులో ఒక ఆస్పత్రికి వెళ్తే కెమెరా గొట్టం పెట్టి తీసేస్తామన్నారు. ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి, "బీపీ ఉందా? బిళ్ళలు వాడుతున్నారా?" అని అడిగారు. "రోజూ వేసుకుంటున్నానండీ" అన్నాను. పచ్చి అబద్ధం. మందు కొట్టే రోజుల్లో, కోతల రోజుల్లో బిళ్ళ మానేయడం నాకు అలవాటు. తలనొప్పి లేదుగా, ఎందుకులే అని. నిజం చెప్పండి, మనలో ఎంతమందిమి ఇంతే?

పక్కనున్న మా ఆవిడ ఊరుకోలేదు. "ఎక్కడ వేసుకుంటున్నారమ్మా, రెండు నెలల నుంచి అట్ట అట్టానే ఉంది" అనేసింది. నాకు ఒళ్ళు మండింది. చూస్తే బీపీ 190/112. ఆపరేషన్ వాయిదా.

"బీపీ ఎక్కువుంటే మీరే మందిచ్చి దించెయ్యొచ్చుగా" అన్నాను కోపంగా. అప్పుడావిడ ఓపిగ్గా చెప్పారు. ముక్కు లోపలంతా సన్నటి రక్తనాళాలే. కెమెరా అద్దం మీద కాస్త రక్తం పడినా సర్జన్‌కి ఏమీ కనపడదు. ఆ పక్కనే కన్ను, పైన మెదడు. అందుకే మత్తులో ఉండగా బీపీని కావాలనే కొంచెం దించుతారు. మత్తు మందుతోనే కొంత దిగుతుంది. చాలకపోతే ఎస్మోలాల్ లాంటివి ఇచ్చి గుండె వేగం తగ్గిస్తారు. నాళాలను వదులు చేసే నైట్రోగ్లిజరిన్ కూడా ఉంది గానీ, దాంతో గుండె పరుగెత్తితే రక్తం అనుకున్నంత తగ్గకపోవచ్చట.

120/80 ఉన్న మనిషికి సగటు ఒత్తిడి 93. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి దాన్ని 60, 65 దాకా దించిన సందర్భాలున్నాయి. మరి నాకు?

మనకి అర్థమయ్యేట్టు చెప్తా. డ్రిప్పు పైపు ఒకచోట చిల్లుపడి కారుతుంటే గేటు వాల్వు కాస్త తిప్పి ఒత్తిడి తగ్గిస్తాం. కారడం తగ్గుతుంది. కానీ పైనున్న మెరక మడికి నీళ్ళు ఎక్కవు. ఒంట్లో మెరక మడి మెదడు. పైగా ఈ ఆపరేషన్‌లో రక్తం తగ్గాలని తలవైపు ఎత్తిపెడతారు. గుండె కంటే ప్రతి 10 సెంటీమీటర్ల ఎత్తుకి ఒత్తిడి 7కి పైగా తగ్గుతుంది. ఏళ్ళ తరబడి ఎక్కువ బీపీకి అలవాటుపడ్డ నాలాంటోడి మెదడుకి, వేరేవాళ్ళకి సరిపోయే ఒత్తిడి చాలదు. పక్షవాతం రావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి వాల్వు తిప్పి ఉంటే? ఆ మాట తట్టాక మా ఆవిడ మీద కోపం ఎటుపోయిందో!

ఐదు వారాలు బిళ్ళ తప్పలేదు. 138/86కి వచ్చింది. అప్పుడు చేశారు. బీపీని మరీ దించకుండా, కొంచెమే తగ్గించారట. ట్రానెక్సామిక్ యాసిడ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. అది బీపీ జోలికి పోదు, గడ్డకట్టిన రక్తం మళ్ళీ కరిగిపోకుండా చూస్తుంది.

ఇంకోటి కూడా అడిగారు, రక్తం పలచన చేసే బిళ్ళలు, నడుంనొప్పి బిళ్ళలు ఏమైనా వాడుతున్నానా అని. అవీ రక్తస్రావం పెంచుతాయంట. నడుంనొప్పికి నేను మింగేవాటి సంగతి ఈసారి నేనే చెప్పాను. అలాగని గుండెకిచ్చిన పలచన బిళ్ళ మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్నే అడగండి.

మొన్న కల్లంలో మిరప ఘాటు ముక్కుకి తగిలి వరసగా పది తుమ్ములు. రెండేళ్ళ తర్వాత ఆ వాసన! మా ఆవిడ మాత్రం ఇప్పటికీ పొద్దున్నే బిళ్ళల అట్ట లెక్కపెట్టాకే కాఫీ ఇస్తోంది.