వక్కాకు సంచి

మా మేనత్తది జమ్మలమడుగు. నోట్లో వక్కాకు లేకుండా ఆమె మాట్లాడగా నాకు బుద్ధి తెలిశాక వినలేదు. ఎడమ దవడ ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉండేది. చిన్నప్పుడు నేను ఆమె ముఖమే అంత అనుకునేదాన్ని. ఆకు, సున్నం, వక్క, ఆ పైన చిటికెడు కాదు, పిడచంత పొగాకు! నిద్రలో కూడా ఆ ముద్ద దవడలో ఉండవలసిందే.

సిగ్గుపడుతూ చెప్పుకోవలసిన మాట ఒకటుంది. నా రెండో నవలలో ఒక అవ్వ వక్కాకు సంచి విప్పే తీరుకే ఒకటిన్నర పేజీ కేటాయించాను. మెచ్చుకుంటూ ఎంతమందో ఉత్తరాలు రాశారు. ఆ అవ్వ మా అత్తే. పొగాకు అయిపోతే అంగడికి పరిగెత్తి తెచ్చిచ్చిన పిల్లను నేనే. ఆ సంగతి మాత్రం నవలలో రాయలేదు.

పోయిన ఏడాది కారం తగిలితే నోరు మండుతోందంటే ప్రొద్దుటూరు తీసుకుపోయాను. "కమ్మలు కొనిస్తావా ఏమ్మే?" అని నవ్వుతూ బస్సు దిగింది. డాక్టరుగారు టార్చిలైటు వేసి దవడ లోపల తెల్లమచ్చ చూశారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరు కాదు గానీ, ముందుముందు కావచ్చు, పొగాకు మానితీరాలి అన్నారు. వక్క కూడా వద్దన్నారు. వక్క ఒక్కటే తిన్నా క్యాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సరు పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. ఇక అత్తకు మిగిలిందేమిటి? ఆకూ సున్నమూ!

రాసిచ్చిన మందు నికోటిన్ చూయింగ్ గమ్, 4 మిల్లీగ్రాములది.

"పొగాకులో ఉండేదీ అదే, దీంట్లో ఉండేదీ అదే అంటివే. దొంగను పట్టేదానికి దొంగనే పంపిస్తావా నాయనా?" అంది అత్త.

మనిషిని కట్టిపడేసేది నికోటిన్, నోటిని చెరిచేవి పొగాకులోని వేరే విషాలు అని ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆ విషాలు లేకుండా కొంచెం కొంచెం నికోటిన్ ఇస్తూ, మెల్లగా అదీ తగ్గిస్తారట. ఈ గమ్ పుట్టుక కూడా తమాషాయే. జలాంతర్గాముల్లో సిగరెట్టు కాల్చే వీల్లేని నావికులు నోట్లో పొగాకు పెట్టుకుని సరిపెట్టుకుంటున్నారని 1967లో స్వీడన్‌లో ఇద్దరు పరిశోధకులు ఓవే ఫెర్నో అనే శాస్త్రవేత్తకు ఉత్తరం రాశారు. దాంతో ఆయన ఈ గమ్ తయారుచేశాడు. అంటే దీని మూలం మా అత్త దవడలాంటి దవడే! 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితాలోకీ ఎక్కింది.

జమ్మలమడుగులో ఉంటే ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఇంత పొగాకు పెడతారని పులివెందులలో కూతురింట్లో ఉంచాం. గమ్‌ను మెల్లగా నమలాలి, ఘాటు తెలియగానే దవడన పెట్టి ఊరుకోవాలి, తగ్గితే మళ్లీ నమలాలి, కాఫీ తాగితే పావుగంట ఆగాలి అని నేను పాఠం చెప్పబోతే, "దవడలో పెట్టుకునేది నువ్వు నాకు నేర్పిస్తావా?" అంది. నిజమే! కానీ మూడోరోజుకు గమ్ కట్టుడుపళ్లకు అంటుకుని, పళ్లూ గమ్మూ కలిసి చేతిలోకి వచ్చాయి. మళ్లీ ప్రొద్దుటూరు. ఈసారి చప్పరించే బిళ్లలు ఇచ్చారు.

ఆ నెల ఎలా గడిచిందో మా వదినకే తెలుసు. కసుర్లు, ఏడుపులు, అన్నం విసిరికొట్టడాలు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి నాకు ఫోను.

"మేయ్, ఇంత పొగాకు తెచ్చియ్యి. చిన్నప్పుడు పరిగెత్తి తెచ్చిస్తా ఉంటివి గదా."

నేనేం మాట్లాడలేకపోయాను. అటు నుంచి కాసేపు ఊపిరి శబ్దం వినిపించింది, తర్వాత బిళ్ల చప్పరిస్తున్న శబ్దం.

నాలుగు నెలలైంది. మధ్యలో రెండుసార్లు తప్పింది, తనే ఒప్పుకుంది. మచ్చ కొంచెం పలచబడిందన్నారు గానీ పోయిందనలేదు. వచ్చే నెల మళ్లీ చూపించాలి. వక్కాకు సంచి మాత్రం ఇప్పటికీ నడుముకే ఉంది. మొన్న అడిగి విప్పించుకుని చూశాను. లోపల బిళ్లలు, బస్సుచార్జీకి చిల్లర.