అత్తయ్య చేతులు

జూన్ 9, 2024, తెనాలి

అత్తయ్య వేళ్ల సందులు మళ్లీ చీలాయి. పోయిన నెలంతా ఆయింట్‌మెంట్ పూస్తూనే ఉన్నాం. ఈసారి చర్మం డాక్టరు మందు రాయకుండా, "రోజుకి ఎన్నిసార్లు కడుగుతారమ్మా?" అన్నాడు. "లెక్కెవరు పెట్టుకుంటారు బాబూ" అన్నారావిడ. గుంటూరులో సైకియాట్రిస్టుకి చూపించమన్నాడు. ఆ మాట విని మా ఆడపడుచు ఫోన్లో ఒకటే గొడవ. "అమ్మది మడి. మా నాయనమ్మా అంతే. పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా?"

జూన్ 15

గుంటూరు డాక్టరు పది ప్రశ్నలు అడిగాడు. కడుక్కోవాలన్న ఆలోచనలకి రోజులో ఎంతసేపు పోతుంది, ఆపుకోగలరా, ఆపితే ఎలా ఉంటుంది. 40కి 29 వచ్చాయి. తీవ్రమైనదే. ఓసీడీ అన్నాడు.

మా ఆయన మడి సంగతి ఎత్తితే డాక్టరు అత్తయ్య వైపు తిరిగాడు. "మడి అయితే తలస్నానం చేసి ఆరిన చీర కట్టుకోగానే అయిపోతుంది. మీకు అయిపోతుందా అమ్మా?" అత్తయ్యకి కళ్లనీళ్లు వచ్చేశాయి. "అవదు బాబూ. చెయ్యి శుభ్రంగానే ఉందని తెలుసు. మనసు ఒప్పుకోదు."

మాకెవరికీ ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాడు, మెల్లగా పెంచుతాడట. డిప్రెషన్‌కీ ఇదే ఇస్తారు గానీ ఓసీడీకి మోతాదు ఎక్కువ కావాలి, గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. తర్వాత మా అందరినీ అడిగాడు. పాల ప్యాకెట్లు కడిగేది నేను. గుమ్మం బయట కాళ్లు కడుక్కుని వచ్చేది మామయ్యగారు. ఆఫీసు బట్టలు వరండాలోనే మార్చుకునేది మా ఆయన. అంతా రాసుకుని, "మీ ఇల్లంతా ఈ జబ్బు దగ్గర ఉద్యోగం చేస్తోందండీ" అన్నాడు.

జూన్ 19

కడుపులో వికారం, నిద్ర లేదు. మాత్ర మానేస్తానని అత్తయ్య పట్టు. మా ఆయన ఊళ్లో లేరు. రాత్రి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. మొదట్లో కొందరికి ఇలా ఉంటుందని, సొంతంగా ఆపొద్దని, పొద్దున్నే డాక్టరుకి ఫోన్ చెయ్యమని చెప్పారు. చేస్తే, తిన్నాక వేసుకోమన్నాడు.

జులై 20

మాత్రతో పాటు సైకాలజిస్టు చేసే చికిత్స కూడా. భయపడేదాన్ని ముట్టుకోవాలి, ముట్టుకుని కడుక్కోకూడదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇలాంటి రోగుల పక్కన నర్సుల్ని ఉంచి కడుక్కోనివ్వకుండా చూశాడట, అక్కణ్నుంచి వచ్చిన పద్ధతి. ఇక్కడ మాత్రం బలవంతం లేదు. మెట్లు అత్తయ్యే రాసుకున్నారు, ఒక్కోదానికి నూటికి ఎంత భయమో కూడా. పాల ప్యాకెట్ 40. చెప్పుల స్టాండు 70. పనమ్మాయి చేతి గ్లాసుతో నీళ్లు 95.

ఆ చివరిది చదివి నాకు సిగ్గేసింది. తరాలుగా ఈ ఇళ్లు ఎవర్ని దూరం పెట్టాయో జబ్బు కూడా వాళ్లనే వెతికి పట్టుకుంది.

ఈ రోజు చెప్పుల స్టాండు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "అమ్మాయీ, ఏం కాదు కదా?" అని అడుగుతూనే ఉన్నారు. ఏం కాదని చెప్పకూడదు. ఆ భరోసా కూడా కడుక్కోవడంతో సమానమేనట. "ఏమవుతుందో చూద్దాం అత్తయ్యా" అని ఊరుకున్నాను. ఎంత కష్టమో! అన్నం అడిగిన మనిషికి లేదన్నట్టుంది. ముప్పావుగంటకి భయం 80 నుంచి 35కి దిగింది, నీళ్ల చుక్క తగలకుండా.

సెప్టెంబరు 22

ఆ పది ప్రశ్నలకి ఈసారి మార్కులు 17. చర్మం కలిసింది. తగ్గిన తర్వాత కూడా కనీసం ఏడాదైనా మాత్ర వేసుకోవాలన్నాడు డాక్టరు. అసలు మొండిఘటం మామయ్యగారే. వద్దన్నా గుమ్మం దగ్గర కాళ్లు కడుగుతూనే ఉన్నారు.

అక్టోబరు 13

చివరి మెట్టు. పనమ్మాయిని పిలిచి సంగతి చెప్పి, ఓ గ్లాసు నీళ్లు ముంచి అత్తయ్యకి ఇవ్వమన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది.

"నేనిచ్చే నీళ్లు తాగితే జబ్బు తగ్గుద్దా? నన్నెందుకమ్మా మీ మందులో కలుపుతారు?"

సైకాలజిస్టుకి ఫోన్ చేసి ఆ మెట్టు మార్చమన్నాను. వచ్చే వారం బస్టాండులో టీ.