చల్లని యంత్రము, పెట్రోలు ఖర్చు



మోటారుబండి పురుషుల వస్తువని తలంచు కాలము గడచినది. నేడు మనలో బండి నడపువారు ననేకులు గలరు. నడపనివారికిని పెట్రోలు ఖర్చు ఇంటి జమాఖర్చులలోనే చేరును గనుక, ఈ విషయము మన విచారమునకు రాదగినదే యని మా యభిప్రాయము.

ఉదయమున అనేక గృహముల వాకిట ఒక యాచారము కానవచ్చును. బండిని స్టార్టుచేసి నిలిపియుంచి, గృహస్థుడు లోపల కాఫీ త్రాగుచుండును. అడిగినచో "ఇంజను వేడెక్కవలెను" అని బదులు చెప్పును. కార్బొరేటరు, చోకు గల పాతబండ్ల కాలమున దీనికి కొంత కారణముండెను. చల్లని యంత్రమున పెట్రోలు చక్కగా ఆవిరికాదు; చోకు లాగి పెట్రోలు పాలు హెచ్చించి, కొంతసేపు నిలిపిననేగాని బండి సాగెడిది కాదు. నేటి బండ్లలో పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్టరులున్నవి. కావున అరనిమిషము నిలిపిన చాలును. ఆపై మెల్లగా నడపుటయే దానిని త్వరగా వేడిచేయు మార్గము.

కట్టెలపొయ్యి నెఱిగినవారికి ఇది సులభముగా తెలియును. పొయ్యి రాజుకొనువఱకు కట్టె హెచ్చు, పొగ హెచ్చు, వంట తక్కువ. చల్లని యంత్రమును అట్టిదే. నిలిచియున్న యంత్రము చేయు పని స్వల్పము గనుక అందు పుట్టు వేడియు స్వల్పము. మెల్లగా నడచునప్పుడు వేడి త్వరగా పుట్టును. అట్లని కదలిన వెంటనే పరుగెత్తింపరాదు. లోపలి నూనె యింకను చిక్కగానే యుండును. చిన్న కారు ఊరక నిలిచియున్నను గంటకు అర లీటరునకు పైగా పెట్రోలు త్రాగును. దినమునకు 10 నిమిషముల చొప్పున నెలకు 5 గంటలు. అనగా రెండున్నర లీటర్లకు తక్కువ కాదు. ఒక్క అడుగైనను ముందుకు సాగకయే ఇంత వ్యయము!

పెట్రోలుకంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. విషవాయువులను హరించుటకై పొగగొట్టమున అమర్చిన కేటలిటిక్ కన్వర్టరు తాను వేడెక్కిననేగాని పనిచేయదు. కావున మొదటి నిమిషముల పొగయే మిక్కిలి చెడ్డది. బడిసంచులు తగిలించుకొని పిల్లలు నిలుచునది ఆ పొగ యొద్దనే గదా! తలుపులు మూసిన షెడ్డులో యంత్రమును ఎన్నడును నడుపరాదు. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయును.

మన యెండలకు భయపడి కొందఱు మెకానిక్కులు థర్మోస్టాట్ అను చిన్న భాగమును తీసివేయుదురు. యంత్రము తగిన వేడి పొందువఱకు చల్లబఱచు నీటిని రేడియేటరునకు పోనీయక ఆపునది అదియే. మా బండికిని ఒక వేసవిలో మాతో చెప్పకయే ఇట్లు చేసిరి. నాటినుండి లీటరునకు 16 కిలోమీటర్లు వచ్చునది 14కు దిగుట మా లెక్కలపుస్తకమున కనబడెను. అరగంట నడచినను వేడి చూపు ముల్లు అడుగుననే యుండెను. వేఱొకచోట క్రొత్త థర్మోస్టాట్ వేయించిన పిదప ముల్లును, లెక్కయు యథాస్థానమునకు వచ్చినవి. మీ బండి ముల్లును ఒకసారి గమనింపుడు.

అన్నిటికంటె ఖరీదైన ప్రయాణము పొట్టి ప్రయాణము. యంత్రము వేడెక్కులోపలనే గమ్యము వచ్చును. మైనస్ 7 డిగ్రీల చలిలో పట్టణమున తిరుగు పెట్రోలు కారునకు, 25 డిగ్రీలనాటికంటె మైలేజి సుమారు నూటికి 15 పాళ్లు తగ్గుననియు, 5, 6 కిలోమీటర్ల ప్రయాణములలో 24 పాళ్లవఱకు తగ్గవచ్చుననియు అమెరికా ఇంధనశాఖవారు తెలిపియున్నారు. మనకంతటి చలి లేదు గనుక నష్టమును తక్కువ. కాని కారణ మొక్కటే. ఉదయము కూరలకు, మధ్యాహ్నము బ్యాంకునకు, సాయంకాలము ట్యూషనుకు వేర్వేరుగా పోయినచో ముమ్మాఱు చల్లని యంత్రమునే నడిపినట్లగును. దూరపు పని మొదట పెట్టుకొని, తక్కినవి వెంటవెంటనే ముగించుకొనుట మేలు. ఒక కిలోమీటరు లోపలి పనికి కాళ్లే చాలును.

మిన్నెసోటా, కెనడా వంటి చలిసీమలలో కాపురముండు మన ఆడపడుచులకు బ్లాక్ హీటరు ఉపయోగించును. రాత్రి నిలిపిన బండిలోని నీటిని విద్యుత్తుతో వెచ్చజేయు సాధనమిది. 2004 మోడలు టొయోటా ప్రియస్ కారులో మన కాఫీ ఫ్లాస్కు వంటి పాత్రయే అమర్చి, ఆ వేడినీటిని మూడు దినములవఱకు దాచి, మఱల యంత్రమునకు అందించిరి! బ్లాక్ హీటరును రాత్రి యంతయు ఉంచనక్కఱలేదు. టైమరు పెట్టి, బయలుదేరుటకు రెండు గంటలు ముందుగా వెలుగునట్లు చేసిన చాలును.