వీడియో ఆటలతో ఒళ్ళు తగ్గుతుందా?

"డాక్టరుగారూ, వీడు మా మాట వినడు. మీరైనా గట్టిగా చెప్పండి" అంటూ ఒక తల్లి పన్నెండేళ్ళ కొడుకుని నా ఓ.పి.కి తీసుకొచ్చింది. ఎత్తు 146 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. బడినుంచి రాగానే ఫోను పట్టుకుని కూర్చుంటే భోజనం వేళదాకా లేవడట. చేతిలో ఆట, పక్కన చిప్స్ పొట్లం.

నేను గట్టిగానే చెప్పాను. "ఆ ఆటలే నిన్నిలా తయారుచేశాయి. అవతల పారెయ్యి!" అన్నాను. వరసలో ఉన్నవాళ్ళెవరో నవ్వారు. కుర్రాడు తల దించుకున్నాడు. వెళ్ళబోతూ తల్లి, "గెంతుతూ ఆడేది ఒకటి వాళ్ళ బాబాయి కొనిచ్చాడండీ. చప్పుడని కింది వాటావాళ్ళు గొడవపెడితే అటకెక్కించాం. అదీ పారెయ్యాలా?" అనడిగింది. "అదీ అంతే" అన్నాను. ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ నా గడప తొక్కలేదు.

ఆ సంక్రాంతికి మా మేనల్లుడు అలాంటి ఆటే పట్టుకొచ్చాడు. నింటెండో కంపెనీవారు 2019లో తెచ్చిన 'రింగ్ ఫిట్ అడ్వెంచర్'. తొడకి ఒక పట్టీ కట్టుకోవాలి, చేతుల్లో ఒక చక్రం పట్టుకోవాలి. మనం నిలుచున్నచోటే పరుగెత్తితే టి.వి.లో బొమ్మ పరుగెడుతుంది. చక్రాన్ని నొక్కితే, గుంజీళ్ళు తీస్తే రాక్షసుడు చస్తాడు. "ఒక్కసారి ఆడు మావయ్యా" అన్నాడు. అందరికీ నడవమని చెబుతూ తాను కారు దిగని మనిషిని నేను. బరువు 84 కిలోలు. అయిదు నిమిషాలకే ఆయాసం వచ్చింది. నాడి చూసుకుంటే 128! మా ఆవిడ నవ్వింది గాని, నాకు నవ్వు రాలేదు. ఆ కుర్రాడు గుర్తొచ్చాడు.

వీడియో ఆటలన్నీ ఒకటి కావని అప్పుడు గాని నా బుర్రకి ఎక్కలేదు. లెక్క చెబుతాను. 80 కిలోల మనిషి కూర్చుని ఆడితే గంటకి సుమారు 100 కాలరీలు ఖర్చవుతాయి. ఊరికే కూర్చున్నా దాదాపు అంతే. కాళ్ళూ చేతులూ ఆడించే ఆటలో 240 నుంచి 320 దాకా, అంటే చురుకైన నడకతో సమానం. అయితే అరగంట ఆటలో కరిగేది రెండు మూడు ఇడ్లీలపాటే! ఆడాం కదా అని పైన రెండు బజ్జీలు లాగిస్తే లెక్క సరి.

మరి ఆట కొనిస్తే చాలా? చాలదు. అమెరికాలో 2012లో వెలువడిన ఒక పరిశీలనలో ఇలాంటి ఆటలు పిల్లలకిచ్చి ఇంటికి పంపారు. వాళ్ళ మొత్తం కదలిక ఏమీ పెరగలేదు. కొత్త మోజు తీరిపోతుంది కదా! 2018లో లూసియానా రాష్ట్రంవారు వెలువరించిన పరిశీలనలో మాత్రం, ఒళ్ళు ఎక్కువున్న పిల్లలకి ఆటతోపాటు ఇంటి పెద్దల తోడు, వీడియోలో పలకరించే శిక్షకుడు కూడా ఉన్నారు. ఆ పిల్లల్లో ఫలితం కనిపించింది.

మా నర్సమ్మది ఆ కుర్రాడి వీధే. ఆమెతో కబురంపితే తల్లి మొహమాటపడుతూ తీసుకొచ్చింది. "నేనన్నది తప్పు బాబూ" అన్నాను. వాడు నమ్మలేదు. అటకమీది పెట్టె దింపమన్నాను. ఆ ఆటలో చప్పుడు లేని పద్ధతి ఒకటుంది. గెంతకుండా మోకాళ్ళు వంచి లేస్తే చాలు. కింది వాటావాళ్ళ గొడవ దానితో తీరింది. రోజూ అరగంట, తల్లో తండ్రో పక్కన ఆడాలన్నాను. పిల్లలకి రోజుకి గంట కదలిక ఉండాలి కనుక మిగతా అరగంట సైకిలు. చిప్స్ పొట్లం ఇంటికి రాకూడదు.

నాలుగు నెలలకి వాడి బరువు 61 దగ్గరే ఉంది. తల్లి దిగులుపడింది. ఎత్తు కొలిస్తే 149! ఎదిగే పిల్లవాడికి కిలోలు తగ్గాలని పట్టుబట్టనక్కర్లేదు. ఎత్తు పెరుగుతూ బరువు నిలబడితే అదే తగ్గడం.

పెద్దవాళ్ళకి రెండు మాటలు. ఆడుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మీకు సరిపడే వేగం అదే. గుండెలో నొప్పి, తల తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరుకి చూపించుకోండి. షుగరుకి ఇన్సులిన్ గాని, కొన్నిరకాల మాత్రలు గాని వాడేవారికి ఆట మధ్యలో షుగరు పడిపోవచ్చు. ముందే మీ డాక్టరుని అడగండి. పాదాలు తిమ్మిరెక్కేవారు వట్టికాళ్ళతో ఆడవద్దు.

మొన్న ఆ కుర్రాడు వచ్చి, "సార్, మీరు ఎన్నో లెవెల్లో ఉన్నారు?" అనడిగాడు. "పదకొండు" అన్నాను. వాడిది ఇరవై ఆరట.