ముట్టుకోకుండా చూసిన పిస్తోళ్లు

డల్లాస్ పక్కన ఓ ఎగ్జిబిషన్ హాలు. శనివారం పొద్దున్నే పార్కింగ్ నిండిపోయింది. లోపలికి వెళ్తే మన నాంపల్లి నుమాయిష్‌లాగే వరసగా బల్లలు, మధ్యలో జనం. గాజులూ డ్రైఫ్రూట్సూ ఉండాల్సిన చోట తుపాకులున్నాయి, అంతే తేడా. గన్ షో అంటే ఇదేనట. చూసి తీరాలని మా రూమ్మేట్ లాక్కొచ్చాడు.

నేనేమో వీసా మీద ఉన్నవాణ్ని. మాలాంటివాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదని ఇక్కడి ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి కానీ వాటి జోలికి నేనెందుకు పోతా? చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నా.

ఒక బల్ల దగ్గర మాత్రం కాళ్లు ఆగిపోయాయి. అన్నీ పాత సైనిక పిస్తోళ్లు. సైన్యాలు వాడేసి, కొత్తవి వచ్చాక గోడౌన్లలో పడేసి, చివరికి లాట్ల లెక్కన అమ్మేసిన సర్‌ప్లస్ సరుకు. ఒక్కోదానికీ ప్లాస్టిక్ టై బిగించి ఉంది. బల్ల వెనక పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. ‘తీసి చూడు బాబూ’ అన్నాడు. ‘వద్దు సార్, మీరే తిప్పి చూపించండి’ అన్నా. ఎందుకో అర్థమై నవ్వాడు. టేబుల్ ల్యాంప్ దగ్గరికి లాగాడు.

మా నాన్న బాలానగర్‌లో మిల్లింగ్ ఆపరేటర్. చిన్నప్పుడు క్యారియర్ ఇవ్వడానికి వర్క్‌షాప్‌కి వెళ్తే, జాబ్ మీద గోరు పెట్టి గీసి ఫినిషింగ్ చెప్పేవాడు. ఆ జబ్బు నాకూ అంటుకుంది. తుపాకుల గురించి నాకు తెలిసింది సున్నా. ఇనుము మీద కట్టర్ గీతలు మాత్రం కనిపెట్టగలను.

పెద్దాయన ముందు రెండు టోకరేవ్‌లు తీశాడు. సోవియట్ సైన్యం 1930లలో తీసుకున్న పిస్తోలు అది. మొదటి దాని మీద 1943 అని కొట్టి ఉంది. స్లైడ్ నిండా దుక్కి దున్నినట్టు గీతలే. రెండోది యుగోస్లావియా ఎం57, క్రాగుయెవాట్స్‌లోని జాస్తావా ఫ్యాక్టరీది. పిడి కాస్త పొడుగు, ఎనిమిది బదులు తొమ్మిది తూటాలు పడతాయి. నున్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. మామూలుగా అయితే ‘రష్యావాళ్ల పని నాసిరకం’ అనేస్తాం కదా! కానీ 1941 చివర్లో జర్మన్లు తూలా నగరం అంచుదాకా వచ్చారు. అక్కడి ఆయుధ కర్మాగారం మిషన్లని పీకి తూర్పుకి తరలించాల్సి వచ్చింది. ఎం57 తయారైంది ఏ గొడవా లేని రోజుల్లో.

పెద్దాయన పాత టోకరేవ్ స్లైడ్ ఊడదీసి లోపలి వైపు చూపించాడు. స్లైడ్ జారే గాడి, బారెల్ వచ్చి పట్టుకునే చోటు మాత్రం నున్నగా ఉన్నాయి. టైమ్ లేనప్పుడు ఎక్కడ వదిలేయాలో, ఎక్కడ వదలకూడదో వాళ్లకి తెలుసు. నాకైతే ఆ గరుకుదే మంచి పని అనిపించింది. రూమ్మేట్ ఒప్పుకోలేదు, వాడికి మెరిసేది కావాలి.

వాడి కోసమే అన్నట్టు మకరోవ్‌లు వచ్చాయి. తూర్పు జర్మనీది జూల్ అనే ఊళ్లో చేశారు. తరతరాలుగా తుపాకులు చేసే ఊరది. పక్కన బల్గేరియాది పెడితే తేడా ఫోన్ కెమెరాకీ తెలుస్తుంది. పేలడంలో రెండూ ఒకటేనంటాడు పెద్దాయన.

చివర్లో అద్దాల పెట్టె తెరిచి పోలండ్ విస్ పిస్తోళ్లు రెండు బయట పెట్టాడు. వార్సాకి దక్షిణాన రాడోమ్ అనే ఊళ్లో ఒకే ఫ్యాక్టరీలో పుట్టినవి. మొదటిది యుద్ధానికి ముందుది. స్లైడ్ మీద పోలండ్ గద్ద చెక్కి ఉంది, దాని రెక్కల్లో ఈకలు లెక్కపెట్టొచ్చు. ధర చీటీ చూసి రూమ్మేట్ ఈల వేశాడు. రెండోది జర్మన్లు దేశాన్ని ఆక్రమించాక చేయించింది. గద్ద లేదు. పార్టులు విప్పడానికి వాడే మీట ఎత్తేశారు. పాలిష్ సంగతి అడగొద్దు, ఆకురాయి గీతలు అలాగే ఉన్నాయి.

‘దీని బారెల్ రాడోమ్‌లో చేయలేదు, తెలుసా?’ అన్నాడు పెద్దాయన. ఆస్ట్రియాలోని స్టెయిర్ ఫ్యాక్టరీలో చేసి అక్కడే బిగించేవారట. పోలిష్ కార్మికుల చేతికి పూర్తి పిస్తోలు చిక్కకూడదని. అయినా వాళ్లు పార్టులు దొంగచాటుగా బయటికి దాటించారు. ప్రతిఘటన దళాలు బారెళ్లు రహస్యంగా చేసుకుని వాటికి బిగించాయి. విషయం బయటపడింది. 1942 అక్టోబరులో రాడోమ్‌లో జనం చూస్తుండగా ఉరికంబాలు ఎక్కించారు.

గరుకుగా ఉందని అంతకుముందే నేను పెదవి విరిచిన పిస్తోలు అది. మళ్లీ వంగి చూశా. ఆ గీతలు గీసిన చెయ్యి ఎవరిదో! పెద్దాయన్ని అడిగి రెండింటికీ ఫొటోలు తీసుకున్నా.

రాత్రి నాన్నకి వాట్సాప్‌లో పంపా. అక్కడ ఆదివారం పొద్దున్న. రెండు వేళ్లతో జూమ్ చేసి చూసుంటాడు, వెంటనే ఫోన్ చేశాడు.

‘రెండోది కూడా పనొచ్చినవాడు చేసిందేరా. తొందరపెట్టి చేయించారు. ఎక్కడిది?’

చెప్పా. బారెల్ సంగతి, పార్టుల సంగతి, 1942 సంగతి. ఫోన్‌లో కాసేపు ఏమీ వినపడలేదు, వెనకాల అమ్మ కుక్కర్ విజిల్ తప్ప.

‘పార్టులు ఎలా దాటించేవాళ్లంట? గేటు దగ్గర చెక్ చేయరా?’ అన్నాడు నాన్న.

పెద్దాయన్ని అది అడగడం మర్చిపోయా.