పందెపు పట్టికలలోని పేర్లు

పేరు గుర్తింపుకొఱ కేర్పడినది. ఒకే మనుష్యుడు ఏటేట పేరు మార్చుకొనుచుండినచో నతని చరిత్రము వ్రాయుట యెంత కష్టమో మోటారు పందెముల పట్టికలు వ్రాయువారి నడిగినచో తెలియును. ఈ విషయము మా దృష్టికి వచ్చినది ఒక విద్యార్థి నోటుపుస్తకము మూలమున.

2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగరము నొడ్డున, మన నగరవీధులలోనే, విద్యుచ్ఛక్తితో నడచు కార్ల ఫార్ములా-ఇ పందెము జరిగెను. మన దేశమున నీ పందెము జరుగుట కదియే మొదలు. మన్సూరాబాదునకు ఆ సాగరము దూరమే యైనను మా బాలుర యుత్సాహమునకు కొదువ లేకుండెను. తొమ్మిదవ తరగతివా డొకడు ఫలితముల నన్నిటిని నోటుపుస్తకమున కెక్కించుచు మాయొద్దకు వచ్చి, “సారూ, గెలిచిన జట్టు పేరు పాత పట్టికలలో కానరాదు. ఇది క్రొత్త జట్టా?” యని యడిగెను.

గెలిచినవాడు ఫ్రెంచి దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్, జట్టు డి.ఎస్. పెన్‌స్కీ. ఇది క్రొత్త జట్టు కాదు. 2014లో ఫార్ములా-ఇ ప్రారంభమైననాడు దీని పేరు డ్రాగన్ రేసింగు. జియోక్స్ అను పాదరక్షల కంపెనీ తోడైనపుడు జియోక్స్ డ్రాగన్ అయ్యెను, డి.ఎస్. అను ఫ్రెంచి కార్ల కంపెనీ వచ్చి చేరగా మఱల పేరు మాఱెను. ఆ డి.ఎస్. వారే 2022 వఱకు టెచీతా యను వేఱొక జట్టు పేరుతో కలసియుండిరి. జాగ్వార్ జట్టు పేరు నడుమ మన టి.సి.ఎస్. కంపెనీ పేరు నిలిచినది. పందెమునకు సహితము గ్రీన్‌కో హైదరాబాద్ ఇ-ప్రీ యని పోషకుల పేరే ముందు నడచినది.

ఇందు నింద్య మేమియు లేదు. కార్లు, యంత్రములు, పనివారు, దేశదేశముల ప్రయాణములు, వీనికగు వ్యయము టిక్కెట్ల సొమ్ముతో తీరునది కాదు. ధనమిచ్చినవారు తమ పేరు నలుగురికి కానవచ్చుట కోరుదురు. కోరుట న్యాయమే. ఆ పేరు ఎచ్చట వ్రాయవలెనను నదియే ప్రశ్న.

ఫార్ములా-1 పందెములలో పూర్వము కార్లకు దేశముల రంగు లుండెడివి: ఇటలీకి ఎఱుపు, ఇంగ్లండునకు ఆకుపచ్చ, ఫ్రాన్సునకు నీలము. 1968లో లోటస్ జట్టు గోల్డ్ లీఫ్ సిగరెట్ల రంగులు దాల్చి, గోల్డ్ లీఫ్ టీమ్ లోటస్ అను పేరుతో బరిలో దిగెను. ఆ యేట గ్రాహం హిల్ జగజ్జేత యయ్యెను. పట్టిక వ్రాయువారికి రెండు గడులుండెను. కారును పందెమునకు దెచ్చినవారి గడిలో సిగరెట్ల పేరు చేరినది. నిర్మాతల గడిలో లోటస్-ఫోర్డ్ అనియే నిలిచినది.

కాలక్రమమున ఆ కట్ట తెగినది. 2016 మొదలు 2018 వఱకు రెడ్ బుల్ కార్లలోని ఇంజను రెనో వారు చేసినది. పట్టికలో నున్నది ట్యాగ్ హోయర్ అను గడియారముల కంపెనీ పేరు. గడియారములవారు ఇంజను చేసిరని రేపటివారు భ్రమపడినచో తప్పెవరిది?

మన దేశపు పేరు మోసిన జట్టు కథ యింకను శోచనీయము. 2008లో బరిలో దిగిన ఫోర్స్ ఇండియా, సహారా కంపెనీ భాగస్వామి కాగా సహారా ఫోర్స్ ఇండియా యయ్యెను. 2018 నడుమ నది యప్పులపాలై క్రొత్త యజమానుల చేతికి బోయెను. ప్రవేశము క్రొత్తదను కారణమున, అంతవఱకు నిర్మాతల పట్టికలో గడించిన 59 పాయింట్లు లెక్కకు రాకపోయెను. కర్మాగారము అదియే, పనిచేసిన చేతులు అవియే, పట్టికలో సున్న. ఆ జట్టే 2019లో రేసింగ్ పాయింటు, 2021లో ఆస్టన్ మార్టిన్.

కావున మా బాలునితో, “ఆ దినమున జట్టునకున్న పేరు ఉన్నదున్నట్లు వ్రాయుము, ప్రక్కన పూర్వనామము వ్రాయుము, కారు నడిపినవాని పేరు అన్నిటికంటె ముందుంచుము” అని చెప్పితిమి. 2024 ఫిబ్రవరిలో ఇచ్చట జరుగవలసిన రెండవ పందెము ఆ జనవరిలోనే రద్దయ్యెను. మొదటి పందెమునకు మిగిలినది పట్టికయే.

ఈ ప్రశ్న ఈ యేడు మా పాఠశాలకును వచ్చినది. ఖో-ఖో ఆడు బాలికలకు ఒక దుకాణదారు ఉదారముగా జెర్సీలును బూట్లును ఇచ్చి, హాలులోని విజేతల పలకపై జట్టును తన దుకాణము పేరున వ్రాయింపుడనెను. దాత మనసు నొచ్చునేమో యని కొందఱు వెఱచిరి. ఆ బాలికలలో పలువురి తల్లిదండ్రులు కూలిపని చేసికొనువారు. వారి బిడ్డల పేర్లు పదిమంది చదువుచోట వ్రాయబడుట కిదియే మొదలు. మేము దాతతో వినయముగా మాటాడితిమి. జెర్సీపై ఆయన దుకాణము పేరుండును. పలకపై సంవత్సరము, పాఠశాల పేరు, బాలికలందఱి పేర్లు. చివర “తోడ్పడినవారు” అను గడిలో ఆయన పేరు. ఆయన సంతోషముతో సమ్మతించిరి.

విద్యార్థులారా, ఇచ్చినవారిని మఱచుట కృతఘ్నత. ఆడినవారిని మఱచుట అసత్యము. పట్టిక వ్రాయునపుడు రెంటికిని గడులు గీయుడు.