సీసా మీద వాసనల పట్టిక

ఇందిరాపురంలో మా ఇంటి నుంచి హిండన్ కాలువ దూరం కాదు. ఉదయం నడకకి వెళితే ఖాళీ జాగాల్లో, చెత్తకుప్పల పక్కన ఎవరూ నాటని గంజాయి మొక్కలు కనిపిస్తాయి. ఇక్కడివాళ్ళు భంగు అంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పువ్వుల గుత్తులనే గంజాయి అంది. గుత్తులు లేని ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఉత్తరప్రదేశ్‌లో భంగుకి లైసెన్సు దుకాణాలున్నాయి. ఆకు నలిపితే మామిడి సొన, మిరియాలు కలిసినట్టు ఒక ఘాటు వస్తుంది. నాకు ఆ మొక్కతో పరిచయం అంతవరకే ఉండేది, మా ఇంట్లోకి ఒక సీసా వచ్చేదాకా.

మా ఆవిడకి గుండెలో లోహపు కవాటం ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఏళ్ళ తరబడి వార్ఫరిన్ వేసుకుంటోంది. దానికి తోడు మోకాళ్ళ నొప్పులు, రాత్రి నిద్ర పట్టదు. 2025 జనవరిలో మా అబ్బాయి ఇంటర్నెట్‌లో చూసి "విజయ" చుక్కల మందు తెప్పించాడు. ఆయుర్వేదంలో గంజాయికి విజయ అని పేరు. చీటీ ఉంటేనే అమ్మాలి కాబట్టి ఒక డాక్టరు వీడియోలో ఐదు నిమిషాలు మాట్లాడి చీటీ ఇచ్చాడు. వేరే ఏం మందులు వాడుతున్నారని అడగలేదు. మేమూ చెప్పలేదు. ఆయుర్వేదమే కదా అనుకున్నాం.

సీసాతో పాటు ఒక రంగుల పట్టిక వచ్చింది. మిర్సీన్ నిద్రకి, లిమోనీన్ ఉల్లాసానికి, పైనీన్ జ్ఞాపకశక్తికి, లినలూల్ ప్రశాంతతకి, కేరియోఫిలీన్ నొప్పికి. జాతకంలో గ్రహానికొక ఫలం రాసినట్టుంది! నేను బి.కామ్. చదివి, రక్షణ శాఖ లెక్కల్లో ముప్ఫై ఏళ్ళకి పైగా పనిచేసినవాణ్ణి. కెమిస్ట్రీ నాది కాదు. కానీ ఓచరు లేని ఖర్చు కనిపిస్తే మాత్రం ఊరుకోలేను. కూర్చుని చదివాను.

ఇవన్నీ టెర్పీన్లు. మొక్క మీది జిగురు నూగులో మత్తు పదార్థమైన టి.హెచ్.సి.తో పాటే తయారవుతాయి. ఎండిన పువ్వులో వీటి బరువు ఒకటి రెండు శాతం ఉంటే ఎక్కువ. గంజాయికి వాసన, రుచి చాలావరకు వీటివల్లే. అందులో అబద్ధం లేదు. కానీ ఇవి గంజాయికి మాత్రమే సొంతం కావు. మా పోపులపెట్టె తెరిచి చూడండి. ధనియాల నూనెలో సగానికి పైగా లినలూలే. మిరియాల్లో, లవంగాల్లో కేరియోఫిలీన్ ఉంది. నిమ్మతొక్కలో లిమోనీన్. మామిడిలో మిర్సీన్. హారతి కర్పూరాన్ని పైన్ చెట్ల టర్పెంటైన్‌లోని పైనీన్ నుంచే తయారుచేస్తారు. లినలూల్ అంత సులువుగా ప్రశాంతత ఇస్తే సాంబారు తిన్న ఇంట్లో గొడవలే ఉండకూడదు.

పట్టికకి ఆధారం "పరివార ప్రభావం" అనే మాట. అంటే టి.హెచ్.సి. ఒంటరిగా కాక పరివారంతో కలిసి పనిచేస్తుందని. ఈ మాట 1998లో ఇజ్రాయెల్‌లో మెకూలమ్ బృందం పెట్టింది. వాళ్ళు చెప్పింది మొక్క గురించి కాదు, శరీరంలోనే తయారయ్యే పదార్థాల గురించి. 2011లో ఏథన్ రూసో అనే అమెరికా వైద్యుడు దాన్ని టెర్పీన్లకి విస్తరిస్తూ పెద్ద వ్యాసం రాశాడు. ఇలా ఉండవచ్చు, పరీక్షించాలి అన్న ధోరణి అందులో ఉంది. అమ్మేవాళ్ళు "ఉండవచ్చు"ని "ఉంది" చేసుకున్నారు.

పరీక్షించినవాళ్ళూ ఉన్నారు. కేరియోఫిలీన్ మన శరీరంలోని సి.బి.2 గ్రాహకానికి అంటుకుంటుందని, ఎలుకల్లో వాపు తగ్గిస్తుందని 2008లో తేలింది. అది గట్టి ఫలితం. 2019లో ఆస్ట్రేలియాలో ఆరు టెర్పీన్లని కణాల మీద చూస్తే, అవి ఆ గ్రాహకాల దగ్గర టి.హెచ్.సి. పనిని మార్చలేదు. 2024లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 20 మంది మనుషులకి టి.హెచ్.సి. ఆవిరితో లిమోనీన్ కలిపి పీల్పించారు. మోతాదు పెరిగినకొద్దీ టి.హెచ్.సి. వల్ల వచ్చే ఆందోళన తగ్గింది. కనుక అంతా బూటకం అని కొట్టిపారేయను. కానీ అది పీల్చిన ఆవిరి, తూచి ఇచ్చిన మోతాదు. మా ఆవిడ మింగింది నాలుగు చుక్కలు. పైగా గంజాయికి ఉండే ఆ కుళ్ళు కంపు అసలు టెర్పీన్లదే కాదని, వెల్లుల్లిలో ఉన్నలాంటి గంధకపు పదార్థాలదని 2021లో తేలింది. పట్టికలో వాటి ఊసే లేదు.

నేనిలా చదువుకుంటూ ఉండగా మా ఆవిడ బాగానే నిద్రపోతోంది. "మీ ఆడిట్ ఆపండి, నాకు పనిచేస్తోంది" అంది. ఆపాను. మూడో వారంలో పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది, ఆగలేదు. మోచేతి మీద నల్లటి మచ్చ. ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయిస్తే 5.4. ఆమెకి ఉండాల్సింది 2.5 నుంచి 3.5 లోపు.

గుండె డాక్టరు కొత్తగా ఏం మొదలుపెట్టారని అడిగాడు. సీసా చూపించాం. గంజాయిలోని సి.బి.డి. అనే పదార్థం, కాలేయంలో వార్ఫరిన్‌ని విరిచే ఎంజైముని అడ్డుకుంటుంది. మందు ఒంట్లో పోగుపడి రక్తం మరీ పలచబడుతుంది. ఇది డాక్టర్ల పత్రికల్లో ఎప్పుడో అచ్చయిన సంగతే. చుక్కలు ఆపించాడు, వార్ఫరిన్ రెండు రోజులు ఆపించాడు. వారానికి 3కి దిగింది. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదని నాకు తెలుసు. కానీ ఆ మూడు వారాల్లో ఆమె తిండిలో, మందుల్లో ఇంకేదీ మారలేదు.

ఇంటికొచ్చి పట్టికని మళ్ళీ చదివాను. ఐదు వాసనలకి ఐదు ఫలాలు, రెండు వైపులా అచ్చు. వార్ఫరిన్ అన్న మాట భూతద్దం పెట్టి వెతికినా లేదు. మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. వాణ్ణేం అనలేదు. పట్టిక మొదటిరోజే చదివింది నేను. నేనూ వాసనల్నే ఆడిట్ చేస్తూ కూర్చున్నాను.

కంపెనీకి ఒక ఉత్తరం రాశాను, రెండే ప్రశ్నలు. ఈ పట్టికకి ఆధారం ఏమిటి? రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళకి హెచ్చరిక ఎందుకు లేదు? నాలుగో రోజు జవాబు వచ్చింది. తర్వాతి సీసా మీద పది శాతం తగ్గింపు ఇస్తారట.